పాత ఇన్‌లైన్ ఇంజిన్‌కి సూపర్‌చార్జర్: కొలతల నుంచి ట్యూనింగ్ దాకా, మన హైదరాబాద్ వేడికి తగ్గట్టు

జిప్సీ, ఎస్టీమ్, కాంటెస్సా, పాత హోండా సిటీ ఉన్నవాళ్లు తరచూ అడిగే మాట ఒకటే: "సూపర్‌చార్జర్ ఒకటి దొరికింది అన్నా, ఎలా బిగించాలి?" సూపర్‌చార్జర్ అంటే ఇంజిన్ బెల్ట్‌తో తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని బలంగా నెట్టే పంపు. దాన్నే బ్లోయర్ అంటారు, అలా పెరిగిన గాలి పీడనాన్ని బూస్ట్ అంటారు. దొరికినదాన్ని ఒక మూల పెట్టి ముందు ఇంజిన్ చూడండి. బ్లోయర్‌ని బోల్టులతో బిగించడం మొత్తం పనిలో చిన్న ముక్క. దాని ముందు చేసే కొలతలు, తర్వాత చేసే పెట్రోల్-స్పార్క్ సర్దుబాటు, వీటిలో ఏది తప్పినా పిస్టన్ కరుగుతుంది.

లెక్కలు అర్థమవడానికి ఒక ఉదాహరణ పట్టుకుందాం. ఇంజిన్ జిప్సీ కింగ్‌లోని 1298 సీసీ, నాలుగు సిలిండర్ల ఎంపీఎఫ్‌ఐ, అంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ చిమ్మే రకం. బ్లోయర్ ఈటన్ ఎం45, అంటే మొదటి తరం మినీ కూపర్ ఎస్‌లో వచ్చిన రకం. మీ ఇంజిన్ వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

కార్బురేటర్ బండి అయితే ముందు ఇంజెక్షన్‌కి మార్చుకోండి. కార్బురేటర్‌తో కూడా బూస్ట్ నడుస్తుంది కానీ, మే నెల ఎండలో, నేటి పెట్రోల్‌తో దాన్ని నమ్మమని నేను చెప్పను.

## 1. చట్టం సంగతి ముందే తేల్చుకోండి

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకీ తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) కింద యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మారిస్తే క్లెయిమ్ మీద ఆశ వదులుకోవాలి.

కాబట్టి ఈ పని రోడ్డు మీద తిప్పని బండికి, అంటే ట్రాక్‌కో, ప్రైవేటు స్థలంలో ఆఫ్‌రోడింగ్‌కో ఉంచుకున్నదానికి అనుకోండి. రోడ్డు మీదే తిప్పాలంటే ఖైరతాబాద్ అయినా మరోటి అయినా మీ ఆర్‌టీఓ ఆఫీసులో ముందే లిఖితపూర్వకంగా అడగండి. "ఎవరు చూస్తారు భాయ్" అనే గ్యారేజీ సలహా కోర్టులో పనికిరాదు.

## 2. ఇంజిన్ ఆరోగ్యం

కంప్రెషన్ టెస్ట్ లేకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. ఇంజిన్ వేడిగా ఉండాలి. నాలుగు ప్లగ్‌లూ తీసేయాలి. పెట్రోల్, ఇగ్నిషన్ రెండూ ఆపాలి. బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి క్రాంక్ చేయాలి. సిలిండర్ల మధ్య తేడా 10 శాతం లోపు ఉంటే మంచిది, 15 దాటితే ఆగండి.

తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెటో. లీక్-డౌన్ టెస్టర్ (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి లీకు కొలిచే పరికరం) ఉన్న గ్యారేజీ దొరికితే ఇంకా మేలు: గాలి సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూతలో వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్.

ఎలాగూ ఇంజిన్ విప్పాల్సి వస్తే రింగ్ గ్యాప్ పెంచండి. బూస్ట్ వేడికి రింగు ఎక్కువ సాగుతుంది. గ్యాప్ చాలకపోతే కొసలు ఒకదానికొకటి తగిలి పిస్టన్ అంచు విరుగుతుంది. బోర్‌లో ప్రతి 100 మి.మీ.కి సుమారు 0.5 మి.మీ. లెక్క వేసుకుంటే 74 మి.మీ. బోర్‌కి 0.37 దగ్గర వస్తుంది. రింగుల తయారీదారు బూస్ట్‌కి వేరే అంకె ఇస్తే దాన్నే పాటించండి. హెడ్ ప్లేన్ చేయించి, పొరల స్టీల్ గ్యాస్కెట్ వేయండి.

టైమింగ్ బెల్ట్, వాటర్ పంప్, క్రాంక్ ఆయిల్ సీల్ ఇప్పుడే మార్చేయండి. తర్వాత మార్చాలంటే బ్లోయర్ బ్రాకెట్ అంతా విప్పాలి.

## 3. బ్లోయర్, పుల్లీ లెక్క

సెకండ్ హ్యాండ్ బ్లోయర్ కొనేటప్పుడు చేత్తో తిప్పి చూడండి. మెత్తగా, ఒకే బిగువుతో తిరగాలి. రోటర్లు ఒకదాన్నొకటి గీరిన గుర్తులు, కేసింగ్ లోపల గీతలు, ముక్కు (పుల్లీ ఉన్న కొస) దగ్గర ఆయిల్ తడి ఉంటే వదిలేయండి. గేర్లకి దాని సొంత ఆయిల్ ఉంటుంది. దాన్ని తీసి, తయారీదారు చెప్పిన రకమే కొలత ప్రకారం పోయండి. మామూలు గేర్ ఆయిల్ పోస్తే నురగ వచ్చి సీళ్లు పోతాయి.

ఇప్పుడు లెక్క. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకి ఒకసారి నిండుతుంది కాబట్టి 1298 సీసీ ఇంజిన్ ఒక చుట్టుకి 649 సీసీ పీలుస్తుంది. నిజంగా నిండేది 85 శాతం అనుకుంటే 552 సీసీ.

ఎం45 ఒక చుట్టుకి 45 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 737 సీసీ నెడుతుంది. లీకేజీ పోను 80 శాతం అనుకుందాం. పుల్లీ నిష్పత్తి (క్రాంక్ ఒక చుట్టుకి బ్లోయర్ తిరిగే చుట్లు) 1.2 పెడితే 737 × 1.2 × 0.8 = 707 సీసీ. 707ని 552తో భాగిస్తే 1.28. అంటే ఇంజిన్‌కి 28 శాతం ఎక్కువ గాలి.

ఆ గాలి వేడెక్కి ఉంటుంది కాబట్టి పీడనం ఇంకాస్త పెరిగి 1.36 రెట్ల దగ్గర తేలుతుంది. మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్లకి పైనే ఉంది. ఇక్కడ బయటి గాలి పీడనం దాదాపు 95 కిలోపాస్కల్. దాని మీద 0.36 రెట్లు అంటే 34 కిలోపాస్కల్, అంటే 5 పీఎస్‌ఐ బూస్ట్.

పాత ఇంజిన్‌కి, మన ఎండకి 5 పీఎస్‌ఐ చాలు. చాలామందికి ఈ అంకె రుచించదు. 8, 10 కావాలంటారు. పిస్టన్లు, కాన్‌రాడ్లు మార్చనివాళ్లకి నేను 5 దాటమని చెప్పను.

క్రాంక్ పుల్లీ వ్యాసం 132 మి.మీ. అయితే బ్లోయర్ పుల్లీ 110 మి.మీ. కావాలి. ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర బ్లోయర్ 7200 తిరుగుతుంది. మీ బ్లోయర్ పరిమితికి ఇది లోపలే ఉందో లేదో చూసుకోండి. తక్కువ ఆర్‌పీఎంలో లీకేజీ శాతం ఎక్కువ, అందుకని అక్కడ బూస్ట్ లెక్క కంటే తక్కువే కనిపిస్తుంది.

796 సీసీ మారుతి 800 లాంటి చిన్న ఇంజిన్‌కి చుట్టుకి 500 సీసీ ఇచ్చే ఏఎంఆర్500 సరిపోతుంది. కాంటెస్సా, అంబాసిడర్‌లలోని 1817 సీసీ ఇసుజు ఇంజిన్‌కి ఎం62 చూడండి.

## 4. పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

- బ్లోయర్, దాని బైపాస్ వాల్వ్, ఆ వాల్వ్‌ని తెరిచి మూసే యాక్చుయేటర్
- 6 గాళ్ల పాలీ-వీ పుల్లీలు, స్ప్రింగ్ టెన్షనర్, ఒక ఐడ్లర్ (బెల్ట్ దారి మళ్లించే పుల్లీ)
- ఇంటర్‌కూలర్ (బ్లోయర్ నుంచి వచ్చే వేడి గాలిని చల్లార్చేది), సిలికాన్ హోస్‌లు, టీ-బోల్ట్ క్లాంపులు
- పెద్ద ఇంజెక్టర్లు, పెట్రోల్ పంపు, బూస్ట్ రెఫరెన్స్ ఉన్న (బూస్ట్‌ని బట్టి పెట్రోల్ పీడనం మార్చే) ప్రెషర్ రెగ్యులేటర్
- స్టాండ్ అలోన్ ఈసీయూ (పెట్రోల్, స్పార్క్‌లని నడిపే విడి కంప్యూటర్), 2.5 బార్ మ్యాప్ సెన్సర్ (సిలిండర్లకి గాలి పంచే మ్యానిఫోల్డ్‌లో పీడనం కొలిచేది), గాలి ఉష్ణోగ్రత సెన్సర్
- వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (పొగని బట్టి గాలి-పెట్రోల్ పాళ్లు చెప్పేది)
- బూస్ట్, ఆయిల్ ప్రెషర్ మీటర్లు
- ఒక మెట్టు చల్లని ప్లగ్‌లు, వన్-వే వాల్వులు, క్యాచ్ క్యాన్ (ఇంజిన్ పొగలోని ఆయిల్‌ని పట్టే డబ్బా)

బెల్టులు, బేరింగులు, హోస్‌లకి రాణీగంజ్ వెళ్లండి. పుల్లీలు తిప్పించడానికి, ప్లేట్ కోయించడానికి బాలానగర్ లేత్ షాపులు. నోటిమాటతో పంపకండి, కొలతలు రాసిన డ్రాయింగ్ ఇవ్వండి. పుల్లీ రంధ్రం ఒక పావు మి.మీ. వదులైనా అది గజగజలాడుతుంది.

## 5. బ్రాకెట్, బెల్ట్: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే

ముందు అట్టతో బ్లోయర్ నమూనా చేసుకుని బానెట్ కింద పెట్టి చూడండి. బానెట్ మూసి, లోపల మట్టి ముద్దలు పెట్టి, ఎక్కడ నొక్కుకుందో చూడండి. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కాబట్టి నలువైపులా కనీసం 25 మి.మీ. ఖాళీ వదలాలి.

సులువైన చోటు ఏసీ కంప్రెసర్ ఉన్న చోటే. కానీ హైదరాబాద్‌లో ఏసీ తీసేసిన కారులో ఏప్రిల్ నెల ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఇంకో చోటు దొరుకుతుందేమో వెతకండి. పొడవుగా కూర్చున్న ఇంజిన్‌లలో ఇన్‌టేక్ వైపు పైభాగం తరచూ పనికొస్తుంది.

బ్రాకెట్‌ని బ్లాక్‌కి, హెడ్‌కి మాత్రమే బిగించాలి. ఒక కాలు బాడీకో ఛాసిస్‌కో బిగిస్తే ఇంజిన్ ఊగిన ప్రతిసారీ బెల్ట్ లైను తప్పుతుంది. కొన్ని రోజుల్లో బోల్టు విరుగుతుంది.

ప్లేట్ 10 నుంచి 12 మి.మీ. మందం ఉండాలి. పొడవాటి బద్దీలా వేలాడదీయకుండా మూడు చోట్ల త్రికోణంగా పట్టేలా చేయండి. జిప్సీ బ్లాక్ అల్యూమినియం. పాత మరలు లాగితే ఊడొస్తాయి. అనుమానం ఉన్న ప్రతి రంధ్రానికీ హెలికాయిల్ (కొత్త మరలుగా పనిచేసే స్టీల్ తీగ చుట్ట) వేయించండి. అల్యూమినియంలోకి బోల్టు దాని మందానికి రెండింతల లోతు దిగాలి.

పాత ఒంటి వీ-బెల్ట్ ఈ బరువు మోయదు. క్రాంక్ పుల్లీకి పాలీ-వీ గాళ్లు కావాలి. అందులో రబ్బరు డ్యాంపర్ ఉంటే దాన్ని తీసేసి ఉత్త అల్యూమినియం పుల్లీ పెట్టకండి. ఆ రబ్బరు క్రాంక్ కంపనాన్ని మింగుతుంది. పాత డ్యాంపర్ ముందు అదనపు పుల్లీని బోల్టులతో కలపడం మంచి పద్ధతి.

బిగించే వరుస ఇదీ:

1. బ్రాకెట్, బ్లోయర్ వదులుగా పెట్టండి.
2. నిటారు స్టీల్ స్కేలుతో పుల్లీల ముఖాలు కలపండి. 300 మి.మీ. పొడవులో తేడా 1 మి.మీ. లోపు ఉండాలి. వాషర్లతో కాదు, లేత్‌లో తిప్పిన స్పేసర్‌తో సరిచేయండి.
3. బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించి మళ్లీ కొలవండి. బిగించాక తరచూ మారుతుంది.
4. టెన్షనర్‌ని వదులు వైపు పెట్టండి. క్రాంక్ పుల్లీని వదిలి బయటికి పోయే బెల్ట్ భాగమే వదులు వైపు.
5. బ్లోయర్ పుల్లీ చుట్టూ బెల్ట్ కనీసం 150 డిగ్రీలు చుట్టుకోవాలి. చాలకపోతే ఐడ్లర్ వేయండి.
6. బెల్ట్ దారి వెంట తాడు చుట్టి పొడవు కొలవండి. 6పీకే1200 అంటే ఆరు గాళ్లు, 1200 మి.మీ. పొడవు.

## 6. గాలి దారి

వరుస గుర్తుంచుకోండి: ఫిల్టర్, థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు), బ్లోయర్, ఇంటర్‌కూలర్, మ్యానిఫోల్డ్. థ్రాటిల్‌ని బ్లోయర్ తర్వాత ఉంచితే, యాక్సిలరేటర్ వదిలిన క్షణంలో మూసిన తలుపు మీదకి బ్లోయర్ గాలి తోస్తూనే ఉంటుంది, హోస్ ఊడిపోతుంది.

బైపాస్ వాల్వ్ బ్లోయర్ ఔట్‌లెట్ నుంచి దాని ఇన్‌లెట్‌కి, థ్రాటిల్‌కీ బ్లోయర్‌కీ మధ్యలోకి కలవాలి. ఐడిల్‌లో, నెమ్మదిగా వెళ్లేటప్పుడు అది తెరుచుకుని గాలిని చుట్టూ తిప్పుతుంది. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బ్లోయర్ ఊరికే వేడెక్కకుండా కాపాడేది ఇదే. దీన్ని అనవసరమని మూసేసేవాళ్లున్నారు. మూయకండి.

చిన్న పైపులు పెద్ద తలనొప్పి. ఏది ఎక్కడికి వెళ్లాలో చూడండి:

- మ్యాప్ సెన్సర్, పెట్రోల్ ప్రెషర్ రెగ్యులేటర్, బూస్ట్ మీటర్, బైపాస్ యాక్చుయేటర్: మ్యానిఫోల్డ్‌కి.
- బ్రేక్ బూస్టర్: మ్యానిఫోల్డ్‌కే, కానీ వన్-వే వాల్వ్ బాగా పనిచేయాలి. నోటితో రెండు వైపులా ఊది చూడండి. బూస్టర్‌లోకి పీడనం పోతే బ్రేక్ పెడల్ రాయిలా అవుతుంది.
- ఐడిల్ గాలి వాల్వ్: థ్రాటిల్ ముందు నుంచి తీసుకుని, థ్రాటిల్‌కీ బ్లోయర్‌కీ మధ్యలో వదలాలి. పాత చోటే వదిలేస్తే బూస్ట్ వెనక్కి కారిపోతుంది.
- క్రాంక్‌కేస్ పొగ: మ్యానిఫోల్డ్ వైపు దారి మూసి, క్యాచ్ క్యాన్ గుండా ఫిల్టర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య కలపండి.

అన్నీ కలిపాక ఫిల్టర్ వైపు మూత పెట్టి, 0.4 బార్ గాలి ఎక్కించి, జాయింట్లకి సబ్బు నీళ్లు రాయండి. బుడగ కనిపిస్తే బిగించండి.

## 7. వేడి

ఎం45 లాంటి రూట్స్ రకం బ్లోయర్ గాలిని నొక్కడంలో అంత సమర్థం కాదు, 55 శాతం దగ్గర వేసుకోవాలి. 40 డిగ్రీల గాలి లోపలికి వెళ్తే, పై బూస్ట్‌కి బయటికి 90 డిగ్రీల పైన వస్తుంది. ఇంటర్‌కూలర్ లేకుండా ఆ గాలి నాకింగ్ తెస్తుంది, అంటే సిలిండర్‌లో పెట్రోల్-గాలి మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలుతుంది.

పొట్టి పైపులు కావాలంటే నీటితో చల్లబరిచే ఇంటర్‌కూలర్, తక్కువ ఖర్చు కావాలంటే రేడియేటర్ ముందు గాలి ఇంటర్‌కూలర్. ట్రాఫిక్‌లో ఎక్కువ ఆగే బండికి ఫ్యాన్ తప్పదు. రేడియేటర్‌నీ రాడింగ్ (లోపలి గొట్టాలు పొడిచి శుభ్రం చేయడం) చేయించండి. బోర్ నీళ్లు పోయకండి, మన నీటి ఉప్పు పేరుకుని దారులు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం.

ఫిల్టర్ చల్లని గాలి వచ్చే చోట, రేడియేటర్‌కి ఎదురుగా కాకుండా పక్కగా ఉండాలి. దుమ్ము రోటర్ల పూతని తినేస్తుంది. ఓపెన్ ఫిల్టర్ కంటే పెట్టెలోని కాగితం ఫిల్టరే మేలు.

## 8. పెట్రోల్, స్పార్క్, ఈసీయూ

మన ఇంజిన్ ఇచ్చేది సుమారు 105 హార్స్‌పవర్ అనుకోండి, బ్లోయర్ తినేదీ అందులోనే. బూస్ట్ ఇంజిన్‌కి గంటకి ఒక్కో హార్స్‌పవర్‌కి 270 గ్రాముల పెట్రోల్ లెక్కన నాలుగు ఇంజెక్టర్లకి పంచి, 80 శాతం డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) పెడితే నిమిషానికి 200 సీసీ వస్తుంది. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్)లో శక్తి కాస్త తక్కువ కాబట్టి 215. 240 సీసీవి కొనండి. పంపు 3.5 బార్ దగ్గర గంటకి 80 లీటర్లు ఇస్తే దర్జాగా సరిపోతుంది.

పాత రబ్బరు పెట్రోల్ పైపులు ఇథనాల్‌కి మెత్తబడి పగులుతాయి. ఇథనాల్‌కి తట్టుకునే కొత్తవి ట్యాంక్ నుంచి రైల్ దాకా వేయండి. ఈ పనిలో పొదుపు చేస్తే మంటలే.

చాలా పాత ఎంపీఎఫ్‌ఐ ఈసీయూలు వాతావరణ పీడనం దాటితే ఏం చేయాలో తెలియనివి. పెట్రోల్ ప్రెషర్ పెంచి మోసం చేసే పాత చిట్కా నడిచినా, స్పార్క్‌ని వెనక్కి లాగలేదు. మెగాస్క్విర్ట్, స్పీడువినో లాంటి ఈసీయూలు ఈ స్థాయికి చాలు.

ప్లగ్‌లలో ఎన్‌జీకే అయితే అంకె పెరిగేకొద్దీ చల్లనిది, 6 నుంచి 7కి వెళ్లండి. బాష్‌లో దీనికి తలకిందులు. గ్యాప్ 0.7 మి.మీ. పెట్టండి, ఎక్కువైతే బూస్ట్‌లో స్పార్క్ ఆరిపోతుంది.

## 9. మొదటి స్టార్ట్

బ్లోయర్ బెల్ట్ వేయకుండా మొదలుపెట్టండి. బైపాస్ తెరిచి ఉంటుంది కాబట్టి ఐడిల్‌కి గాలి అందుతుంది. దీనివల్ల కొత్త ఈసీయూ లోపమా, బ్లోయర్ లోపమా అన్న గందరగోళం ఉండదు.

1. ఇంజెక్టర్ల కనెక్టర్లు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా క్రాంక్ చేయండి.
2. పంపు ఆన్ చేసి ప్రతి పెట్రోల్ జాయింట్‌ని టార్చ్ వేసి చూడండి. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి.
3. స్టార్ట్ చేసి, టైమింగ్ లైట్‌తో ఈసీయూ చెప్పే డిగ్రీలూ క్రాంక్ గుర్తూ ఒకటేనా చూడండి. ఇది కలవకపోతే మిగతా ట్యూనింగ్ అంతా గాల్లో లెక్కే.
4. వేడెక్కాక ఆపి, బెల్ట్ వేసి, మళ్లీ ఐడిల్‌లో వినండి. గరగర శబ్దమైతే వెంటనే ఆపండి.

## 10. ట్యూనింగ్

ఇది డైనో (బండిని కదలకుండా నడిపి శక్తి కొలిచే యంత్రం) మీద చేయించండి. రోడ్డు మీద ఒకడు నడుపుతూ, ఒకడు ల్యాప్‌టాప్ చూస్తూ చేసే పని ప్రాణాల మీదకి తెస్తుంది.

వైడ్‌బ్యాండ్ మీటర్‌ని లాంబ్డాలో పెట్టుకోండి. లాంబ్డా 1 అంటే గాలి, పెట్రోల్ సరిపాళ్లు, 1 కంటే తక్కువైతే పెట్రోల్ ఎక్కువ. ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి అనే పాత లెక్క ఈ20కి కుదరదు, లాంబ్డా మాత్రం ఏ పెట్రోల్‌కైనా ఒకటే. బూస్ట్‌లో 0.80 నుంచి 0.85 మధ్య, మామూలు నడకలో 1 దగ్గర ఉంచండి.

స్పార్క్‌ని ప్రతి పీఎస్‌ఐకి 2 డిగ్రీలు వెనక్కి లాగి మొదలుపెట్టి, నాకింగ్ వింటూ ఒక్కో డిగ్రీ ముందుకి జరపండి. శక్తి పెరగడం ఆగిన చోట ఆగి, 2 డిగ్రీలు వెనక్కి రండి. గాలి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటితే టైమింగ్ ఇంకా తగ్గేలా, మ్యానిఫోల్డ్ పీడనం 145 కిలోపాస్కల్ దాటితే పెట్రోల్ ఆగేలా ఈసీయూలో కాపలా పెట్టండి. డిసెంబర్‌లో ట్యూన్ చేయించినవాళ్లు ఏప్రిల్‌లో మళ్లీ చూపించుకోవాలి.

## 11. తరచూ వచ్చే లోపాలు

బెల్ట్ కీచుమంటోంది, పై ఆర్‌పీఎంలో బూస్ట్ పడిపోతోంది. బెల్ట్ జారుతోంది. బిగువు పెంచే ముందు చుట్టు కోణం, లైను చూడండి. ఊరికే బిగిస్తే బ్లోయర్ ముందు బేరింగ్ పోతుంది.

బూస్ట్ 2 పీఎస్‌ఐ దగ్గరే ఆగిపోయింది. బైపాస్ పూర్తిగా మూసుకోవడం లేదు, లేదా ఐడిల్ గాలి వాల్వ్ పైపు తప్పు చోట ఉంది.

ఐడిల్ పైకీ కిందకీ ఊగుతోంది. గాలి లీకు. థ్రాటిల్ తర్వాత నుంచి వెతకండి.

బూస్ట్‌లో లాంబ్డా 0.9 దాటుతోంది. వెంటనే కాలు తీయండి. పంపు, ఫిల్టర్, రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు వరుసగా చూడండి. ఈసీయూలో అంకెలు పెంచి సర్దేయకండి, పంపుకి పోయే కరెంటు వైరు సన్నగా ఉండటం కూడా కారణమవుతుంది.

ఐడిల్‌లో బ్లోయర్ ముక్కు దగ్గర టకటక. కప్లర్ (పుల్లీ షాఫ్ట్‌ని గేర్లకి కలిపే ముక్క) అరిగింది. చిన్న పార్ట్, మార్చేయొచ్చు.

నీలి పొగ. ఆయిల్ క్యాచ్ క్యాన్ నిండిందా చూడండి. ఖాళీగా ఉంటే బ్లోయర్ సీల్ అనుమానించాలి.

## 12. మొదటి వెయ్యి కిలోమీటర్లు

50 కిలోమీటర్లకి అన్ని బ్రాకెట్ బోల్టులు టార్క్ రెంచ్‌తో చూడండి. 200 దగ్గర బెల్ట్ అంచులు, ప్లగ్‌లు చూడండి. పింగాణీ మీద మిరియపు గింజల్లా నల్ల చుక్కలో, మెరిసే అల్యూమినియం రేణువులో కనిపిస్తే నాకింగ్ జరిగింది, బండి ఆపండి. 500కి ఇంజిన్ ఆయిల్ మార్చండి. వెయ్యికి కంప్రెషన్ మళ్లీ కొలిచి, మొదటి అంకెల పక్కన రాసుకోండి.

విప్పిన పాత మ్యానిఫోల్డ్, ఈసీయూ, వైరింగ్, పుల్లీలకి చీటీలు కట్టి ఒక పెట్టెలో దాచండి. బండిని మళ్లీ రోడ్డు మీదకి తేవాలన్నా, 15 ఏళ్లు దాటాక ఆర్‌సీ రెన్యువల్‌కి తీసుకెళ్లాలన్నా అసలు రూపంలోకి మార్చాల్సి వస్తుంది. అప్పుడు ఈ సామాను జాంబాగ్‌లో వెతికితే సగం దొరకవు.